పులికాట్‌లో తెరచాప పడవ: సెంటర్‌బోర్డును వాడుకునే తీరు, కాపాడుకునే తీరు

తిరుపతి జిల్లాలో తెరచాప పడవ నడపాలనుకునేవారికి తడ, సూళ్లూరుపేట వైపున్న పులికాట్ సరస్సే ముందుగా గుర్తుకొస్తుంది. ఈశాన్య రుతుపవనాల వానలకు నిండి, ఎండాకాలంలో ఉత్తర భాగం చాలామేర ఎండిపోయే ఈ సరస్సులో అనేక చోట్ల నీరు నడుము దాటదు కాబట్టి, అవసరాన్ని బట్టి దించి ఎత్తుకోగల సెంటర్‌బోర్డు ఉన్న పడవే ఇక్కడ పనికొస్తుంది. ఇది పక్షుల అభయారణ్యం కనుక పడవ దించే ముందే అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి.

గాలి తెరచాపను నెట్టినప్పుడు పడవ పక్కకు జారిపోకుండా నీటిలో అడ్డుపడేది సెంటర్‌బోర్డు అనే ఈ పలకే. పడవ మధ్యనున్న సన్నని పెట్టెలో, ఒక ఇరుసు బోల్టు మీద అది వెనక్కి తిరుగుతూ పైకి లేస్తుంది. అందువల్ల నేల తగిలినా చాలాసార్లు తనంతట తానే లేచిపోతుంది. పిల్లలు నేర్చుకునే ఆప్టిమిస్ట్ వంటి చిన్న పడవల్లో నిటారుగా దించే డాగర్‌బోర్డుకు ఆ వెసులుబాటు లేదు.

గాలికి ఏటవాలుగా ఎదురెక్కేటప్పుడు పలకను పూర్తిగా దించాలి. గాలి పక్క నుంచి వీస్తే సగం చాలు. వెనక నుంచి వీస్తే దాదాపు మొత్తం ఎత్తేసి, పడవ చుక్కాని మాట వినేంత మేరకు కొసను మాత్రం నీటిలో ఉంచాలి. పడవ గాలి వచ్చే వైపుకే తిరగాలని మొండికేస్తూ చుక్కానిని చేతిలోంచి లాగేస్తుంటే, పలకను కొద్దిగా ఎత్తి చూడండి. అది వెనక్కి తిరిగేకొద్దీ నీటి అడ్డు కూడా వెనక్కి జరిగి, ఆ లాగుడు తగ్గుతుంది. పడవ బోల్తా పడితే పలక కొస మీద కాకుండా, అడుగుభాగానికి ఆనుకున్న మొదట్లో నిలబడి పడవను లేపాలి. అప్పుడు పలక పెట్టెలోకి జారిపోకుండా దాన్ని పట్టి ఉంచే సాగే తాడు ముందే కట్టి ఉండాలి.

లోతు తెలుసుకోవడానికి పలకను దించి ఈడ్చే అలవాటు నాకూ ఉండేది. ఒకసారి గుల్లల దిబ్బకు తగిలి బోల్టు వంగిపోయినప్పుడు, పక్కనే వల సర్దుకుంటున్న పెద్దాయన, "లోతు చూసేదానికి గడ ఉండాది గదా సామీ, పలకెందుకు ఇరగ్గొట్టుకుంటా ఉండారు?" అన్నాడు. అప్పటినుంచి గడ లేకుండా నేను ఒడ్డు వదలలేదు.

బురద, గుల్ల ముక్కలు పెట్టెలో ఇరుక్కుని పలక దిగనప్పుడు పైనుంచి సుత్తితో కొట్టకూడదు. పెట్టె అతుకులు విడిపోతాయి. పడవను పక్కకు ఒరిగించి, కింది నుంచి సన్నని చెక్కబద్దతో మెల్లగా కదిలించాలి. పలక కింది అంచున చిన్న రంధ్రం వేసి జానెడు తాడు కట్టి ఉంచితే, ఎవరైనా ఒకరు కింద నుంచి లాగితే సరిపోతుంది. ఆ రంధ్రం లోపలి గోడకు ఎపాక్సీ (నీరు చొరనివ్వని గట్టి జిగురు) పూయడం మరవకండి.

పడవ ఒడ్డెక్కిన ప్రతిసారీ పెట్టెలోకి మంచినీళ్లు గట్టిగా కొట్టి ఉప్పునూ మట్టినీ వదిలించాలి. మా తిరుపతి ఎండకు కొయ్య పలకను గోడకు ఏటవాలుగా ఆనిస్తే వంకర తిరుగుతుంది. దాన్ని నీడలో చదునుగా పరిచి ఉంచాలి. అంచున రంగు లేచి కొయ్య కనిపిస్తే అక్కడి నుంచే నీరు లోపలికి దిగుతుంది కనుక, పూర్తిగా ఆరాక ఎమరీ కాగితంతో రుద్ది ఎపాక్సీ పూయాలి. ముందు అంచు గుండ్రంగా, వెనక అంచు పలుచగా ఉండాలి.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ ఇరుసు బోల్టుకు కావాలి. ఉప్పునీటిలో ఇత్తడి బోల్టు పైకి బాగానే కనిపిస్తూ లోలోపల గుల్లబారుతుంది. 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు దానికంటే మేలు. ఏడాదికొకసారి బోల్టును తీసి, అరుగుదల చూసి, గట్టిపడిన రబ్బరు వాషర్లు మార్చండి. బిగించాక పడవను దిమ్మెల మీద నిలిపి, బోల్టు మునిగే దాకా పడవలో నీళ్లు పోసి, పెట్టె లోపల బోల్టు దగ్గర చెమ్మ ఊరుతోందేమో పావుగంట ఆగి కింది నుంచి టార్చి వేసి చూడండి.