ఓపెన్ ఇన్నోవేషన్‌పై పీహెచ్‌డీ: లేత్ షెడ్డుకు వెళ్లే ముందు, వెళ్లాక

ఓపెన్ ఇన్నోవేషన్ అన్న పేరును 2003లో అమెరికా ఆచార్యుడు హెన్రీ చెస్‌బ్రో ప్రచారంలోకి తెచ్చాడు. సంస్థ బయటివాళ్ల ఆలోచన తెచ్చుకోవడం, తన దగ్గర ఊరికే పడున్నదాన్ని బయటికివ్వడం, ఇద్దరూ కలిసి చేయడం: ఈ మూడూ అందులో ఉన్నాయి. పెద్ద కంపెనీల కోసం రాసిన ప్రశ్నావళిని తెలుగులోకి మార్చి అనంతపురంలో 200 మందికి పంచితే థీసిస్ నిలవదు. ఇక్కడ విడిగా ఆర్ అండ్ డీ (పరిశోధన, అభివృద్ధి) విభాగం ఉన్న యూనిట్లు తక్కువ. పైగా కారణం, ఫలితం రెండింటికీ ఒకే యజమాని టిక్కు పెడితే, మీకు దొరికిన సంబంధంలో సగం ఆయన ఆ పూట ఉన్న తీరుదే కావచ్చు.

అందుకే 4 నుంచి 6 యూనిట్లు తీసుకుని లోతుగా చూడండి. విత్తనం వేసే గొర్రులు చేసే లేత్ షెడ్లు, రాయదుర్గం జీన్స్ కుట్టేవాళ్లు, తాడిపత్రి బండల పాలిష్ యూనిట్లు బాగా పనికొస్తాయి. బయటి ఆలోచన తెచ్చుకుని మధ్యలో వదిలేసినవాళ్లు ఒక్కరైనా అందులో ఉండాలి. గెలిచినవాళ్లనే అడిగితే ఏది పనిచేసిందో ఎప్పటికీ తేలదు.

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం 3 ఏళ్లు, కోర్సువర్క్‌కు కనీసం 12 క్రెడిట్లు. కోర్సువర్క్ సాగుతుండగానే ఆ యూనిట్లతో ఒప్పందం పని మొదలుపెట్టండి, ఎక్కువ ఆలస్యం అక్కడే. విద్యార్థి సంతకం చాలదు, విశ్వవిద్యాలయం తరఫున అధికారం ఉన్నవాళ్లు, సాధారణంగా రిజిస్ట్రార్, చేయాలి. రెండు పేజీలు చాలు, తెలుగులోనూ ఒక ప్రతి ఉండాలి. ఏది రహస్యం, ఎన్నాళ్లు; పాత డిజైన్ ఎవరిది, కలిసి చేసిన మార్పు ఎవరిది; ఇవి రాయండి. ప్రచురణ గురించి "30 రోజుల ముందు డ్రాఫ్ట్ చూపిస్తాం, అభ్యంతరం రాకపోతే ప్రచురిస్తాం" అని పెట్టండి. "అనుమతి ఇస్తేనే ప్రచురించాలి" అన్న వాక్యానికి ఒప్పుకుంటే మీ డిగ్రీ తాళంచెవి వాళ్ల చేతిలో పెట్టినట్టే.

షెడ్డుకు మే, జూన్‌లలో వెళ్లకండి. శెనక్కాయ విత్తే ముందు వాళ్లకు తల ఎత్తే తీరిక ఉండదు. ఆగస్టు మేలు. "మీరు బయటి ఆలోచనలు తీసుకుంటారా?" అని అడిగితే "అంతా మాదే సార్" అంటారు. అందులో అబద్ధమేమీ లేదు, ఏళ్లు గడిచేసరికి అరువు తెచ్చుకున్నదీ సొంతదే అయిపోతుంది. గొర్రు ముందు నిలబడి భాగం భాగం అడగండి: విత్తనాల పెట్టె, గింజ వదిలే పళ్లెం, గొట్టం, కర్రు. ఈ పళ్లెం రంధ్రం ఎందుకు పెద్దది చేశారు? గింజ పగులుతోందని చెప్పిందెవరు? ఆ మాట చెప్పిన రైతుకు ప్రతిఫలంగా ఏమిచ్చారు? తేదీ, మనిషి, భాగం, ప్రతిఫలం అని నాలుగు గళ్ల పట్టికలో ఆ రోజు రాత్రే రాసుకోండి. తర్వాత అదే రైతును విడిగా కలవండి. రెండు కథలు కలవని చోటే మీ అధ్యాయం ఉంటుంది.

కొత్త మార్పు ఏదైనా పుడితే పేటెంట్ వరుస తప్పకూడదు. ముందు దరఖాస్తు, తర్వాతే పోస్టర్, సదస్సు, బహిరంగ వైవా. చట్టంలో మినహాయింపులు కొద్దిగా ఉన్నాయి కానీ వాటి మీద ఆధారపడకండి. థీసిస్‌లను ఆన్‌లైన్‌లో అందరికీ అందుబాటులో ఉంచే శోధ్‌గంగలోకి మీది ఎక్కిందంటే లోకమంతా చూసినట్టే. తాత్కాలిక స్పెసిఫికేషన్ (ఆవిష్కరణ తొలి వివరణ) ఇస్తే పూర్తిది 12 నెలల్లో దాఖలు చేయాలి, గడువు దాటితే ఆ దరఖాస్తు పోయినట్టే. ఆన్‌లైన్‌లో వ్యక్తులకు, విద్యాసంస్థలకు దాఖలు ఫీజు 1,600 రూపాయలు. మన ప్రాంతానికి చెన్నై పేటెంట్ కార్యాలయం. ఆలోచన షెడ్డు మేస్త్రీదైతే ఆవిష్కర్తల్లో ఆయన పేరు ఉండాల్సిందే. గైడ్ పేరు మర్యాద కోసం చేర్చి మేస్త్రీ పేరు వదిలేస్తే, ఆ పేటెంట్‌ను తర్వాత సవాలు చేయడానికి మీరే దారి వేసినట్టు.