ఇంగ్లీషు వాక్యంలో నామవాచకమేదో, క్రియ ఏదో పోల్చుకోవడం ఎలా?

తెలుగులో నడక, నడిచాడు అన్న రెండు మాటలను పక్కపక్కన పెడితే ఏది నామవాచకమో ఏది క్రియో చదువురాని వారికైనా తెలిసిపోతుంది, ఎందుకంటే మాట రూపమే ఆ సంగతి చెబుతుంది. ఇంగ్లీషులో ఈ సౌకర్యం చాలా మాటలకు లేదు. 'వాక్' అంటే నడకా కావచ్చు, నడవడమూ కావచ్చు. 'వాటర్' అంటే నీళ్లు, మొక్కలకు నీళ్లు పోయడం కూడా. అందుచేత ఒక మాటను విడిగా చూపించి ఇది నామవాచకమా, క్రియా అని అడిగితే జవాబు ఉండదు. ఈ వాక్యంలో ఈ మాట ఏ పని చేస్తోంది అని అడిగినప్పుడే జవాబు దొరుకుతుంది. పేరును తెలిపేది నామవాచకం, పనిని తెలిపేది క్రియ అని మనం బడిలో నేర్చుకున్న నిర్వచనం తప్పు కాదు గాని, 'ఏ లాంగ్ వాక్' అన్నప్పుడు అది సరిపోదు. నడవడం పనే అయినా అక్కడ 'వాక్' నామవాచకం.

తెలుగువారికి ఇందులో మరో ఇబ్బంది ఉంది, దాన్ని ముందుగా గుర్తించడం అవసరమని నా అభిప్రాయం. మనం ఇంగ్లీషు మాటను తెలుగులోకి తెచ్చుకునేటప్పుడు దాని పక్కన 'చేయు' గాని 'అవు' గాని చేరుస్తాం. 'డిస్కస్ చేశాం' అంటాం, 'డిస్కషన్ చేశాం' అని కూడా అంటాం. మొదటిది ఇంగ్లీషులో క్రియ, రెండవది నామవాచకం, కాని మన వాక్యంలో రెండూ ఒకే చోట కూర్చుంటాయి కనుక ఆ తేడా మన చెవికి అందదు. అలాగే 'ఫెయిల్ అయ్యాడు' అన్నదానికి జోడీగా 'సక్సెస్ అయ్యాడు' అంటాం. నిజానికి 'ఫెయిల్' క్రియ, 'సక్సెస్' నామవాచకం. దాని క్రియారూపం 'సక్సీడ్', 'ఫెయిల్'కు నామవాచకం 'ఫెయిల్యూర్'. 'వీ డిడ్ డిస్కషన్' అని, 'హీ ఈజ్ సక్సెస్' అని విద్యార్థులు రాసే వాక్యాలు ఈ అలవాటు నుంచి పుట్టినవే. కాబట్టి మీరు తెలుగులో రోజూ 'చేయు' చేర్చి వాడే ఇంగ్లీషు మాటలను ఒక కాగితం మీద రాసుకుని, నిఘంటువులో ఒక్కొక్కటి ఏ జాతికి చెందిందో చూసుకోవడం మంచి ఆరంభం.

ఇక నామవాచకాన్నీ క్రియనూ పోల్చుకునే పరీక్షల్లో నేను అన్నిటికన్నా ఎక్కువగా నమ్మేది కాలం మార్చి చూడడం. వాక్యాన్ని నిన్న జరిగినట్టుగా మార్చండి. అప్పుడు రూపం మారిన మాటే క్రియ. 'షీ వాక్స్ టు వర్క్' అన్న వాక్యాన్ని తీసుకుందాం. ఇందులో 'వాక్', 'వర్క్' రెండూ రెండు విధాలుగానూ వాడదగినవే. నిన్నటి సంగతిగా చెబితే 'షీ వాక్డ్ టు వర్క్' అవుతుంది. 'వర్క్' కదలలేదు, కనుక అది నామవాచకం. 'కట్', 'పుట్', 'హిట్' వంటి కొన్ని క్రియలు భూతకాలంలోనూ మారవు. అటువంటప్పుడు కర్తను మార్చి చూడాలి. 'దే కట్' కాస్తా 'హీ కట్స్' అవుతుంది.

రెండవ ఆధారం ఇరుగుపొరుగు మాటలు. 'ఏ', 'ద', 'మై' వంటివి ముందుంటే వాటి వెనుక ఒక నామవాచకం రావలసిందే, మధ్యలో విశేషణం దూరినా సరే. 'కెన్', 'విల్', 'మస్ట్' వెనుక వచ్చేది క్రియ. 'షీ ఈజ్ ఏ గుడ్ కుక్' అన్నప్పుడు 'కుక్' వంటమనిషి. 'షీ కెన్ కుక్' అన్నప్పుడు వండడం. 'టు'ను మాత్రం గుడ్డిగా నమ్మకూడదు. 'ఐ వాంట్ టు వర్క్'లో 'టు' వెనుక క్రియ ఉంది, పైన చూసిన 'వాక్స్ టు వర్క్'లో నామవాచకం ఉంది.

చివర చేరే 'ఎస్' అక్షరం కూడా మోసగిస్తుంది. అది నామవాచకానికి బహువచనం, క్రియకు ఏకవచనం. పత్రికల శీర్షికల్లో ఈ చిక్కు బాగా కనబడుతుంది. 'టీచర్స్ ప్రొటెస్ట్ ఎండ్స్' అని ఉందనుకోండి. మొదటి రెండు మాటలు చదవగానే ఉపాధ్యాయులు నిరసన తెలుపుతున్నారని అనిపిస్తుంది. 'ఎండ్స్' దగ్గరకు వచ్చాక గాని అది ఉపాధ్యాయుల నిరసన ముగిసిందన్న వార్త అని తెలియదు. అందుకే ముందు వాక్యానికి ఆధారమైన క్రియను వెదికి పట్టుకుని, తరువాత మిగిలిన మాటలను దాని చుట్టూ సర్దుకోవాలి.

'ఇంగ్' చేరిన మాటలకు మన భాషే సాయం చేస్తుంది. 'స్విమ్మింగ్ ఈజ్ గుడ్ ఎక్సర్‌సైజ్'ను తెలుగులో చెబితే ఈత లేదా ఈదడం అని వస్తుంది, అది నామవాచకం చేసే పని. 'హీ ఈజ్ స్విమ్మింగ్' అంటే ఈదుతున్నాడు, అది క్రియ.

పలుకుబడిలోనూ కొన్ని గుర్తులున్నాయి. 'రికార్డ్', 'పర్మిట్', 'ఆబ్జెక్ట్' వంటి మాటల్లో నామవాచకమైతే మొదటి భాగం మీద, క్రియ అయితే రెండవ భాగం మీద ఊనిక పడుతుంది, అంటే ఆ భాగాన్ని నొక్కి పలుకుతారు. 'అడ్వైస్' నామవాచకం, 'అడ్వైజ్' క్రియ, రాతలోనూ ఒకదానికి 'సీ', మరొకదానికి 'ఎస్'. మనం బడుల్లో నేర్చుకునే బ్రిటిష్ పద్ధతిలో 'ప్రాక్టీస్', 'లైసెన్స్' మాటలకూ ఇదే రాత వర్తిస్తుంది గాని పలకడంలో తేడా ఉండదు. అమెరికా రాతలో ఆ తేడా కూడా లేదు.

సాధనకు ఒక వాక్యం. 'వీ వాటర్ ద ప్లాంట్స్ విత్ ట్యాంక్ వాటర్.' నిన్నటికి మార్చితే మొదటి 'వాటర్' ఒక్కటే 'వాటర్డ్' అవుతుంది. 'ప్లాంట్' కూడా మరోచోట నాటడమనే క్రియ కాగలదు, ఇక్కడ ముందున్న 'ద' దానిని నామవాచకంగా నిలబెట్టింది.