పసుపు తూనీగను, చెట్టెలుకను పోల్చడం ఎలా?

కీటకాన్ని, క్షీరదాన్ని పోల్చమన్నప్పుడు కాళ్ల సంఖ్య, వెన్నెముక రాసి ఆపేస్తే ఆ మాటలు ఏ పురుగుకైనా, ఏ ఎలుకకైనా సరిపోతాయి. అందువల్ల ముందుగా జాతులను కచ్చితంగా ఎంచుకోవాలి. ఇక్కడ తీసుకున్నవి 1798లో ఫాబ్రిషియస్ వర్ణించిన సెరియాగ్రియాన్ కోరమాండెలియానమ్ అనే సన్నని పసుపు తూనీగ, 1832లో బెన్నెట్ వర్ణించిన వాండెల్యూరియా ఒలెరేసియా అనే పొడవు తోక చెట్టెలుక. రెండూ మన దేశంలో విస్తృతంగా ఉన్నవే.

తరువాత రెండింటికీ ఒకే ప్రశ్న వేయాలి. ఈ జంటకు నేను ఎంచుకునే ప్రశ్న: మొక్కను ఎలా పట్టుకుంటుంది, దాన్ని దేనికి వాడుకుంటుంది? చెట్టెలుక పాదాన్ని దగ్గరగా చూస్తే మొదటి, చివరి వేళ్లకు వాడి గోళ్లకు బదులు చదునైన గోళ్లు ఉంటాయి. ఆ రెండు వేళ్లూ మిగిలిన వాటికి ఎదురుగా వంగి సన్నని రెమ్మను బిగించి పట్టుకుంటాయి, తోక కూడా కొమ్మకు చుట్టుకుని ఊతమిస్తుంది. తూనీగ కాళ్లకు వరుసగా ముళ్లు ఉంటాయి. అవి గడ్డిపోచపై వాలడానికి, ఎగిరే చిన్న పురుగులను పట్టడానికి బాగా పనికొస్తాయి గానీ నడకకు అంతగా పనికిరావు.

కొలతల దగ్గర ప్రత్యేక జాగ్రత్త అవసరం. తూనీగకు తోకలా కనిపించేది నిజానికి ఉదరం. జీర్ణనాళం, గుండె, జననాంగాలు అందులోనే ఉంటాయి. ఎలుక తోక మాత్రం వెన్నెముకకు కొనసాగింపు. కాబట్టి ఆ రెండు పొడవులను ఒకే గడిలో ఎదురెదురుగా రాయకూడదు. ఎలుకకు తల-శరీరం, తోక విడివిడిగా కొలిచి నిష్పత్తి రాయాలి (తోకే పొడవు). తూనీగకు ఉదరం, వెనుక రెక్క కొలవాలి.

సంతానం విషయంలో మొక్క పాత్ర స్పష్టమవుతుంది. ఆడ తూనీగ నీటిపై తేలే ఆకుల కణజాలంలో గుడ్లు దూర్చుతుంటే, మగది దాని మెడభాగాన్ని పట్టుకుని నిటారుగా నిలబడి ఉంటుంది. పిల్లపురుగు నీటిలోనే, ఉదరం చివరి మూడు మొప్పలతో పెరుగుతుంది. చెట్టెలుక చెట్టు తొర్రలోనో, ఆకులూ గడ్డితో అల్లిన గూటిలోనో ఈనుతుంది.

తూనీగను పగలు, కలుపు పెరిగిన చెరువు ఒడ్డున చూడాలి. ఎలుక రాత్రి తిరిగే జీవి. టార్చికి ఎర్ర కాగితం చుట్టి దూరం నుంచే గమనించాలి, గూటిని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పరాదు. స్వయంగా చూసినవాటిని, పుస్తకంలో చదివినవాటిని వేర్వేరు రంగు సిరాతో రాయాలి.