పనిముట్టు కొనే ముందు రేకు మందం కొలవండి

హన్మకొండల మా ఇంటి వెనుక అర్రల, కిటికీ కింద ఒక పాత బల్ల ఉన్నది. అంచుకు బిగించిన చెక్కముక్క, దాని కింద తొట్టెలలెక్క వేలాడే ధోతి గుడ్డ. మా బాపు అవుసుల (కంసాలి) పని చేసినన్ని రోజులు ఆ గుడ్డలనే రజను, అంటే కోసినప్పుడు రాలే లోహపు పొడి, పట్టిండు. ఇప్పుడు అదే బల్ల మీద నేను రాగి లాకెట్ల మీద పేర్లు చెక్కుత, వెండి రేకుల పువ్వులు కోస్త.

కొత్తగ మొదలుపెట్టేటోళ్లు అడిగే మొదటి మాట: "ఏ మెషిన్ కొనాలె?" నేను ఎదురు అడుగుత: "మీ రేకు ఎంత మందం?" శానామంది దగ్గర జవాబు ఉండదు. మొదట్ల నా దగ్గర కూడ లేకుండె. అరమిల్లీమీటరు రాగి రేకు తెచ్చి, లావు బ్లేడైతే గట్టిగ ఉంటదని రంపానికి 2 నంబరు బ్లేడు బిగించిన. ఒక్క సాయంత్రంల డజను బ్లేడ్లు విరిగినయ్. బాపు చూసి చూసి, చాయ్ గ్లాసు పక్కకు పెట్టి, "బిడ్డా, రంపం కోస్తది, నువ్వు నూకకు" అన్నడు. నూకుడు తప్పే, గానీ అసలు తప్పు బ్లేడుది. దాని పళ్ల నడుమ సందు అరమిల్లీమీటరు కంటె ఎక్కువ. రేకు అంచు ఆ సందుల ఇరుకుతది, నూకంగనే పుటుక్కుమంటది.

బ్లేడు నంబర్ల లెక్క జర తిరకాసు. 1, 2, 3 అని పైకి పోతుంటే లావైతది. సున్నా దాటి కిందికి వస్తే 2/0, 4/0, 8/0 అని రాస్తరు. ఇక్కడ ముందటి అంకె పెరిగినకొద్ది బ్లేడు సన్నగైతది. ఇంట్ల పనికి రెండు రకాలు చాలు: ముప్పాతిక మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దాక రేకుకు 2/0, అరమిల్లీమీటరుకు 4/0. రేకు మందంల కనీసం రెండు పళ్లన్న ఆనాలె అనేది పాత లెక్క. సన్న రేకుకు ఆ లెక్క కుదరదు. 4/0కు సెంటీమీటరుకు దాదాపు 26 పళ్లుంటయ్, అరమిల్లీమీటరుల ఒక్కటే పన్ను పడుతది. అప్పుడు రంపాన్ని నిట్టనిలువుగ పట్టకుండ జర ముందుకు వాల్చండి. కోత ఏటవాలు అయ్యి ఇంకో పన్ను ఆనుతది.

గేజీ, అంటే రేకు మందాన్ని చెప్పే నంబరు, దాని దగ్గర మోసపోకండి. వీడియోలల్ల ఈ పని నేర్పే అమెరికావోళ్లు 20 గేజీ అంటే అది 0.81 మిల్లీమీటర్లు. మన దుకాణంల రాగి రేకు బ్రిటిష్ గేజీల అడిగితే అదే 20కి 0.91. అందుకే నేను గేజీ అడగను. చిన్న వెర్నియర్ కాలిపర్ సంచిల వేసుకొని పోత, దుకాణంలనే కొలుస్త. దుకాణపాయన మొఖం మాడుస్తడు, మాడ్చనీయండి.

బ్లేడు బిగించేటప్పుడు పళ్లు పిడి దిక్కు, కిందికి ఉండాలె. కోత కిందికి గుంజేటప్పుడే పడుతది, పైకి పోయేటప్పుడు ఉత్తగనే పోవాలె. రంపం ఫ్రేమును ఛాతీతోటి బల్లకు ఆనించి, జర ఒత్తి బిగిస్తే, గోరుతోటి మీటినప్పుడు తీగ లెక్క టింగుమనాలె. దబ్‌మంటే వదులున్నట్టు. బ్లేడు వెనుక దిక్కు తేనెమైనం రాయండి, పళ్లకు ఎక్కువ రాస్తే రజను పేరుకుంటది. లోపలి పువ్వు కోయాలంటే ముందుగాల 0.8 మిల్లీమీటర్ల తూటు చాలు, 2/0 బ్లేడు అండ్ల దూరుతది. ఇత్తడికి తూటు పెట్టేటప్పుడు మాత్రం రేకును బల్లకు బిగించండి. డ్రిల్లు ఇత్తడిని కొరికి పట్టుకుంటది, రేకు గిర్రున తిరిగి వేళ్లు కోస్తది.

చెక్కుడు సంగతికొస్తే, జనం రెండు పనులను కలిపేస్తరు. జనగామ పక్కన పెంబర్తిల ఇత్తడి రేకును లక్క మీద పెట్టి ఉలులతోటి కొట్టి బొమ్మ లేపుతరు. అక్కడ లోహం జరుగుతది, పోదు. పేరు చెక్కుడుల గ్రేవర్ (చేత్తోటి నూకే సన్న మొన ఉలి) లోహాన్ని వెంట్రుక లెక్క చీరి బయటికి తీస్తది. కరీంనగర్ వెండి తీగెపని చేయాలనుకుంటే ఇంకో దారి: దానికి రంపం కంటె ముందు కమ్మచ్చు (తీగెను సన్నగ గుంజే తూట్ల పలక), మంచి కత్తెర, శ్రావణం (పట్టకారు) కావాలె. ఏ పని చేస్తరో తేల్చుకోకుండ పెట్టె మొత్తం కొంటే, సగం తుప్పు పడుతది.

నేను కొన్నా అట్ల. ఆన్‌లైన్‌ల పన్నెండు గ్రేవర్ల సెట్టు, పిడులు నున్నగ, నిగనిగ. మొదటి గీతకే మొన వంగింది. బాపు ఆకురాయి తీసి దాని పక్కన ఒక్కసారి రుద్దిండు, వెన్న లెక్క తెగింది. గట్టి ఉక్కు మీద ఆకురాయి జారాలె. అప్పటినుంచి ఏ గ్రేవర్ వచ్చినా మొన జోలికి పోకుండ పక్క మీద ఈ పరీక్ష చేస్త.

ఇప్పుడు నా దగ్గర మూడే ఉన్నయ్. రెండు హైస్పీడ్ ఉక్కువి: ఒకటి చదరపుది, ఒకటి చదునుది. మూడోది కార్బైడ్, స్టీలు ప్లేట్ల కోసం. కార్బైడ్ గట్టిది, గానీ పెళుసు. బల్ల మీద నుంచి పడితే మొన ఎగిరిపోతది, పదును పెట్టాలంటే డైమండ్ రాయి తప్పదు. పదును పెట్టేటప్పుడు ఆ దుమ్ము పీల్చకండి, రాయిని తడిపి పెట్టండి. రాగి, వెండి, ఇత్తడికి కార్బైడ్ అక్కర లేదు.

గ్రేవర్ మొఖం (మొన దగ్గర ఏటవాలుగ ఉన్న ముందు దిక్కు) కోణం 45 డిగ్రీలు, కింద మడమ (మొన అడుగున అరగదీసిన చిన్న వాలు) 15 నుంచి 20 డిగ్రీలు. మడమ లేకుంటే గ్రేవర్ లోపలికి దిగుతనే ఉంటది, పైకి లేవదు. 600 నంబరు డైమండ్ రాయి మీద ఆకారం, ఇంకా నున్నటి 1200 మీద నునుపు, ఆఖరికి తోలు. పదును చూడాలంటే బొటనవేలి గోరు మీద ఆనించండి: పట్టుకుంటే సరే, జారితే మళ్ల రాయి మీదికే. దీపం కింద మొన మెరిసినా మొద్దుబారినట్టే. పైసలు మెషిన్ మీద పెట్టే ముందు ఈ రెండు రాళ్ల మీద పెట్టండి.

బాపు పాత గ్రేవర్లు కార్బన్ ఉక్కువి. వాటిని గ్రైండర్ మీద పెడితే రెండు సెకన్లకోసారి నీళ్లల ముంచాలె. మొన నీలిరంగు తిరిగిందంటే గట్టితనం పోయినట్టే, ఆ నీలం పోయేదాక అరగదీయాల్సిందే. వేడి కార్బైడ్‌ను మాత్రం నీళ్లల ముంచకండి, పగులుతది.

పనిని లక్క మీద అతికించేటోళ్లు ఎండాకాలంల జాగ్రత్త. మే నెల మధ్యాహ్నం మా అర్రల లక్క మెత్తబడి రేకు జరుగుతది. అందుకే ఆ రోజులల్ల లక్కల నూనె తగ్గించి ఇటుకపొడి పెంచుత, పొద్దున తొమ్మిదిలోపే చెక్కుత.

ఆకురాళ్లు మూడు చాలు: ఒకటి బల్లపరుపుది, ఒకటి సగం గుండ్రంది, ఒకటి సన్న గుండ్రంది. వెండికి వేరు జత, మిగిలిన వాటికి వేరు జత. సీసం కలిసిన టంకం మీద రుద్దిన ఆకురాయిని వెండికి వాడితే, పండ్లల్ల ఇరుకున్న పొడి వెండికి అంటి, కొలిమిల పెట్టంగనే వెండిని తిని గుంటలు చేస్తది. నా వెండి ఆకురాళ్ల పిడులకు ఎర్ర నెయిల్ పాలిష్ గీత ఉంటది. పక్కింటోళ్లు తాళంచెవి అరగదీసుకుంటమని అడిగినా ఆ గీత ఉన్నది ఇయ్యను.

పది సెంటీమీటర్ల పొడుగు, మిల్లీమీటరు మందం వెండిని 2/0తోటి కోస్తే పావు గ్రాము పైన రజను రాలుతది. అదంత ఆ ధోతి గుడ్డలనే పడాలె. రాగి కోసే రోజు గుడ్డ మార్చుత.