పాత కంప్యూటర్‌కు కాపలా: 4వ పాఠం

పోయినసారి పాత కంప్యూటర్‌ను గెస్ట్ వైఫైలోకి మార్చమన్నాను. మార్చినవాళ్లకు ప్రింటర్ మాయమైంది. తప్పు నాదే, ముందే చెప్పవలసింది: గెస్ట్‌లో ఉన్న యంత్రానికి ఇంట్లోని మిగతావేవీ కనిపించవు, దాని ప్రయోజనమే అది. ప్రింటర్‌ను యూఎస్‌బీ తీగతో నేరుగా ఆ కంప్యూటర్‌కే తగిలించండి.

అంతటితో పోయేదే. కానీ కావలిలో రొయ్యల మేత దుకాణం నడిపే మా బావమరిది, ప్రింటర్ కోసం తన విండోస్ 7ను మళ్లీ పాత చోటికే తెచ్చాడు. రౌటర్ పేజీలో సెక్యూరిటీ కింద డీఎంజెడ్ (సైన్యం లేని ప్రాంతం అని దాని అర్థం) అని కనబడితే, దాని అడ్రసు 192.168.1.20ని అందులో నింపాడు. "విడిగా కూర్చోబెట్టాను బావా, ఇక భయం లేదు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అతని మీద కాదు, ఆ పేరు పెట్టినవాళ్ల మీద.

లోపలి కంప్యూటర్ ఎవరిని అడిగిందో రౌటర్ ఒక పట్టికలో రాసుకుంటుంది. జవాబు వస్తే పట్టిక చూసి అడిగినదానికే ఇస్తుంది. ఎవరూ అడగకుండా వచ్చినదాన్ని పారేస్తుంది. పాత కంప్యూటర్‌కు ఇంట్లో దొరికే పెద్ద రక్షణ ఈ పారేయడమే. డీఎంజెడ్‌లో అడ్రసు రాశారంటే, పారేయవలసినదంతా ఆ ఒక్క యంత్రానికే పంపమని చెప్పినట్టు. వీధి తలుపు బార్లా తీసి, ముక్కూ మొహం తెలియనివాళ్లందరినీ మంచాన ఉన్న తాతయ్య గదిలోకి పంపడమన్నమాట. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మామూలు మరమ్మతులు (సెక్యూరిటీ అప్‌డేట్లు) 2020 జనవరి 14తో ఆగిపోయాయి. 2017 మేలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై అనే వైరస్, విండోస్ ఫైళ్లు పంచుకునే ద్వారమైన 445వ పోర్టు గుండా పాకినప్పుడు ఎవరూ దేన్నీ నొక్కనక్కర్లేకపోయింది. డీఎంజెడ్ గడి ఖాళీగా ఉండాలి. డిసేబుల్ అని ఉంటే ముట్టుకోకండి. విడిగా ఉంచేది గెస్ట్, డీఎంజెడ్ కాదు.

పెన్‌డ్రైవులోనో బ్రౌజర్‌లోనో మీరే తెచ్చుకునేవాటిని రౌటర్ ఆపదు, అది తెలిసిందే. బిల్లులు మాత్రమే కొట్టే యంత్రమైతే నేను నెట్ తీగ పీకేస్తాను.

అభ్యాసం: రౌటర్ స్టేటస్ పేజీలోని వాన్ ఐపీని (నెట్ కంపెనీ మీ రౌటర్‌కు ఇచ్చిన అడ్రసును) రాసుకుని, మీ ఐపీ ఎంతో చూపే సైటులో కనబడేదానితో పోల్చండి. మా బావమరిదికి మొదటిది 100.72తో మొదలైంది, రెండోది వేరు. మూడు వారాలు డీఎంజెడ్ తెరిచి ఉన్నా అతని యంత్రానికి ఏమీ కాలేదు. ఎందుకో ఒక పేరా రాయండి. దుకాణంలోని సీసీ కెమెరాలను ఫోనులో చూసుకునేందుకు వచ్చే నెల స్టాటిక్ ఐపీ (బయటినుంచి నేరుగా చేరగల, మారని సొంత అడ్రసు) తీసుకుంటానంటున్నాడు. అప్పుడు ఏం మారుతుందో రెండో పేరాలో.