ఫోన్‌లో కరాటే: తప్పు ఎక్కడుంది, ఎలా దిద్దుకోవాలి

ఊళ్లో మొదలుపెట్టిన కరాటేని బెంగళూరు వచ్చాక ఫోన్‌లోనే కొనసాగిస్తున్న మనవాళ్లు మారతహళ్లి, బెళ్లందూరు వైపు చాలామందే ఉన్నారు. మాస్టర్ అనంతపురంలోనో నెల్లూరులోనో ఉంటారు, శిష్యుడు ఇక్కడ అపార్ట్‌మెంట్ హాల్లో ఉంటాడు. ఇలా నేర్చుకోవడం కుదురుతుంది. అయితే మనం మాస్టర్ని చూడటం ఒక్కటే చాలదు, మాస్టర్ మనల్ని చూడాలి. కింద చెప్పిన ఇబ్బందులు చాలావరకు అది జరగకపోవడం వల్ల వచ్చేవే.

కటాలో కుడి ఎడమలు తారుమారు

కటా అంటే ఒక్కరే వరుస తప్పకుండా చేసే కదలికల క్రమం. మాస్టర్ ఎదురుగా నిలబడి చూపిస్తే ఆయన ఎడమ చెయ్యి మనకు కుడివైపు కనిపిస్తుంది. సెల్ఫీ కెమెరాతో తీసిన కొన్ని వీడియోలు అద్దంలోలా తిరగబడి కూడా ఉంటాయి. వెనక నుంచి తీసిన వీడియో పంపమని అడగండి.

అసలు చిక్కు ఇంకొకటుంది. షోటోకాన్ అనే కరాటే పద్ధతిలోని మొదటి కటా హెయాన్ షోడాన్‌లో 21 కదలికలు. మొదటిదే ఎడమకు తిరిగి కింది బ్లాక్, అంటే కిందికి వచ్చే దెబ్బను చేత్తో అడ్డుకోవడం. అక్కడినుంచి తిరుగుతూనే ఉంటాం కాబట్టి ఫోన్ కాసేపు పక్కన, కాసేపు వీపు వెనక ఉంటుంది. దాన్ని చూడాలని మెడ తిప్పితే నడుము బిగుసుకుపోతుంది. నాలుగైదు కదలికలు చూసి, ఫోన్ బోర్లా పెట్టి, "ఎడమ కాలు, కింది బ్లాక్. కుడి కాలు, పంచ్" అని పైకి అంటూ చెయ్యండి. అవి వచ్చాకే తర్వాతివి.

మోకాలి లోపలివైపు నొప్పి

దీన్ని తేలిగ్గా తీసుకోకండి. పక్కనుంచి గుండ్రంగా తిప్పే రౌండ్ కిక్ కొట్టేటప్పుడు నిలబడ్డ కాలు పాదం మీద తిరగాలి, మడమ లక్ష్యం వైపు రావాలి. వీడియోలో కళ్లన్నీ ఎగిరే కాలి మీదే ఉంటాయి, కింది పాదాన్ని ఎవరూ గమనించరు. పాదం తిరగకుండా నడుము తిరిగితే ఆ మెలి అంతా మోకాలే భరిస్తుంది. బూట్లు వేసుకున్నా, పట్టు ఎక్కువున్న రబ్బరు మ్యాట్ మీద చేసినా ఇంకా ప్రమాదం. సాక్సులతో టైల్స్ మీద చేస్తే పాదం జారుతుంది, అదీ వద్దు. ఉత్త కాళ్లతోనే చెయ్యండి.

ముందుగా గోడ పట్టుకుని కిక్ లేకుండా పాదం తిప్పడం ఒక్కటే సాధన చెయ్యండి. తర్వాత నడుము ఎత్తు వరకే కొట్టండి. తల ఎత్తుకు తొందరేమీ లేదు.

ముందు మోకాలు వంచి, వెనక కాలు చాచి నిలబడే ఫ్రంట్ స్టాన్స్‌లోనూ ఇదే జరుగుతుంది. అలసిపోగానే ముందు మోకాలు లోపలికి వాలుతుంది. మోకాలు, కాలివేళ్లు ఒకే దిక్కు చూడాలి, వెనక మడమ నేలకు ఆనాలి. మోకాలు వాచినా, పట్టేసినా సాధన ఆపి ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఆ నొప్పికి వీడియో కాల్‌లో వైద్యం అడగొద్దు.

మోచేతి నొప్పి

గాలిలో పంచ్ కొడుతూ డ్రెస్ చప్పుడు రావాలని చెయ్యి పూర్తిగా విదిలిస్తే మోచెయ్యి దెబ్బతింటుంది. చివర్లో కొంచెం వంపు ఉంచండి. బ్యాగ్ మీద కొడితే మణికట్టు వంగకూడదు, చూపుడు వేలు, మధ్య వేలు కణుపులే తగలాలి.

లైవ్ క్లాసులో లెక్క కలవడం లేదు

మాస్టర్ ఒకటి, రెండు అని పెట్టే లెక్కకు మన కదలిక కలవకపోవడానికి కారణం నెట్ ఆలస్యం. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ దానికి మరికొంత కలుపుతుంది. స్పీకర్‌లో వినండి. మాస్టర్ మొదలుపెట్టమనగానే ఎవరి లెక్క వాళ్లు పెట్టుకోవడం మేలు.

వీడియో పంపినా "బాగుంది" అనే జవాబే వస్తోంది

చాలాసార్లు మాస్టర్‌కు ఏమీ కనబడక అలా అంటారు. ఫోన్‌ని నేలమీద గోడకు ఆనిస్తే కాళ్లు పొడుగ్గా, తల చిన్నగా వస్తుంది. వెనక బాల్కనీ వెలుతురుంటే మనిషి నల్లటి నీడే. ఫోన్ నడుము ఎత్తులో ఉండాలి, తల నుంచి పాదాల దాకా పట్టాలి, వెలుతురు మన ముఖం మీద పడాలి. ముందునుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, అర నిమిషం చొప్పున తియ్యండి. కిక్‌లకు స్లో మోషన్ వాడండి. "ఎలా ఉంది సార్?" అని కాకుండా "మడమ తిరుగుతోందా సార్?" అని అడగండి. ఒక ప్రశ్నకు ఒక జవాబు తప్పకుండా వస్తుంది.

కింది ఫ్లాట్ వాళ్ల గొడవ

మందపాటి మ్యాట్ వేసినా గెంతులు కిందికి వినిపిస్తాయి. వాటిని మిద్దెపైకి మార్చండి. వాన పడి తడిగా ఉన్న రోజు మాత్రం వద్దు.

ఒంటరిగా బాగుంది, మనిషి ఎదురైతే చెయ్యి రావడం లేదు

స్క్రీన్‌కు మనకు మధ్య దూరం మారదు. మనిషి ముందుకొస్తాడు, వెనక్కి జరుగుతాడు, తటపటాయిస్తాడు. ఎంత దూరంలో ఉన్నాడు, ఎప్పుడు కదలాలి అన్నది ఎదురుగా ఇంకో శరీరం ఉంటేనే తెలుస్తుంది. అందుకని వారానికి ఒక్కసారైనా దగ్గర్లోని క్లాసుకు వెళ్లండి, లేదా ఇదే నేర్చుకునే స్నేహితుడిని పిలవండి. అతను నెమ్మదిగా ఒక్క పంచ్ వేస్తాడు, మీరు వెనక్కి జరిగి బ్లాక్ చేస్తారు, అంతే. వేగం తర్వాత. విసిరి పడెయ్యడం, కీళ్లు మెలిపెట్టడం, మెడ బిగించడం వంటివి మాత్రం పక్కన మాస్టర్ లేకుండా ప్రయత్నించనే వద్దు. ఈ జంట సాధనను పక్కనుంచి వీడియో తీసి పంపండి. ఇద్దరి మధ్య దూరం ఆ కోణంలోనే తెలుస్తుంది.