వారానికి పది ఇంగ్లీష్ పదాలు: మర్చిపోకుండా నేర్చుకోవడం ఎలా?

రోజుకు యాభై పదాలు లిస్టు రాసుకుని బట్టీ పట్టే విద్యార్థులు చాలామంది ఉంటారు. నాలుగో రోజుకి మొదటి రోజు పదాలు గుర్తుండవు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. చదివినది మళ్లీ తిరగేయకపోతే చాలా భాగం ఒకటి రెండు రోజుల్లోనే చెరిగిపోతుంది. జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లోనే ఈ సంగతి ప్రచురించారు. అందుకే వారానికి పది పదాలు చాలు, కానీ వాటిని వారమంతా వదలకూడదు.

ముందు ఆదివారం పదాలు ఎంచుకోండి. డిక్షనరీ తెరిచి వరసగా కాదు, ఆ వారం చదివిన పాఠాల్లో మీరు ఎక్కడ ఆగిపోయారో అక్కడి నుంచి. అనలైజ్, సిగ్నిఫికెంట్, ఎవిడెన్స్ లాంటివి సైన్స్‌లోనూ సోషల్‌లోనూ ఎదురవుతాయి కాబట్టి వాటికి మొదటి చోటు ఇవ్వండి. ఇలాంటి 570 పద కుటుంబాలతో (ఒక మూల పదం, దాని నుంచి పుట్టిన రూపాలు కలిపి ఒక కుటుంబం) భాషా పరిశోధకురాలు అవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో ‘అకడమిక్ వర్డ్ లిస్ట్’ ప్రచురించారు. పై తరగతుల వాళ్లకు అది బాగా పనికొస్తుంది.

సోమవారం ఒక్కో పదానికి నోట్‌బుక్‌లో అర పేజీ కేటాయించండి. అది కనిపించిన వాక్యం మొత్తం రాసి, అర్థం ముందు మీరే ఊహించి, తర్వాత డిక్షనరీ చూడండి. తెలుగు అర్థం ఒక్కటే రాసి వదిలేయకండి. సీ, లుక్, వాచ్ మూడింటికీ మనం ‘చూడటం’ అనే రాసుకుంటాం, కానీ ఒకదాని చోట ఇంకొకటి వాడితే వాక్యం చెడిపోతుంది. ఆడియో విని ఎక్కడ ఒత్తి పలకాలో కూడా గుర్తు పెట్టుకోండి. రికార్డ్ నామవాచకమైతే మొదటి భాగం ఒత్తి పలుకుతారు, క్రియ అయితే రెండోది.

మంగళ, బుధవారాలు పదాల చుట్టరికం వెతకడానికి. నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే. ఇన్‌స్పెక్ట్, స్పెక్టేటర్, స్పెక్టకిల్స్ మూడింటిలోనూ ‘చూడటం’ అనే లాటిన్ మూలం ఉంది. ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్, పోర్టబుల్ పదాల్లో ఉన్నది ‘మోయడం’. మూలం తెలిస్తే ఒక్క పదంతో నాలుగు పదాలు వస్తాయి. అయితే దాన్నే గుడ్డిగా నమ్మకండి. ‘ఇన్’ ముందుంది కదా అని ఇన్‌ఫ్లేమబుల్ అంటే మంట అంటుకోనిది అనుకుంటే ప్రమాదం. దాని అర్థం తేలిగ్గా అంటుకునేది అని.

గురువారం ప్రతి పదంతో మీ రోజువారీ జీవితం గురించి రెండు సొంత వాక్యాలు రాయండి. దేనితో ఏది జత కడుతుందో చూసుకోండి. ఇంగ్లీష్‌లో డెసిషన్‌ను ‘మేక్’ చేస్తారు, ‘డూ’ చేయరు. జోరు వానను ‘హెవీ రెయిన్’ అంటారు, ‘స్ట్రాంగ్ రెయిన్’ అనరు. రాసినవి టీచర్‌కో, బాగా వచ్చిన స్నేహితుడికో చూపించండి.

శుక్రవారం చిన్న చీటీలు చేసుకుని, ఒక వైపు తెలుగు అర్థం, రెండో వైపు ఇంగ్లీష్ పదం రాయండి. తెలుగు వైపు చూసి ఇంగ్లీష్ పదం స్పెల్లింగ్‌తో సహా రాయాలి. ఊరికే చూసి ‘ఇది నాకు తెలుసు’ అనుకోవడం వేరు, గుర్తు తెచ్చుకుని రాయడం వేరు.

శనివారం ఆ చీటీలను విడదీయండి. తప్పిన పదాలు వచ్చే వారం పదిలో కలపండి, అప్పుడు కొత్తవి ఆ మేరకు తగ్గించుకోవాలి. వచ్చిన పదాలను రెండు వారాల తర్వాత ఒకసారి, నెల తర్వాత మరోసారి మిమ్మల్ని మీరే అడిగి చూసుకోండి. పరీక్షల టెన్షన్ ఉన్న వారంలో కొత్త పదాలేవీ వద్దు, పాత చీటీలు పది నిమిషాలు తిరగేస్తే సరిపోతుంది.